వెండి ముక్కు రింగు సైజు కుదరాలంటే

ఫొటోలో ముచ్చటగా ఉన్న రింగు తీరా పెట్టుకుంటే ముక్కు అంచుని నొక్కేస్తుంది, లేదంటే పెదవి మీదికి వేలాడుతుంది. కొనే ముందు సన్నటి కాగితం ముక్క ఒక కొసని ముక్కు అంచుకి ఆనించి, కుట్టిన రంధ్రం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. స్కేలు మీద 6 మి.మీ. వస్తే లోపలి వ్యాసం 8 మి.మీ. ఉన్నది హాయిగా ఉంటుంది, 7 అయితే అంటిపెట్టుకుని ఉంటుంది.

తీగ మందమూ చూడండి. 20 గేజ్ సుమారు 0.8 మి.మీ., 22 గేజ్ 0.6. అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది, తికమకంతా ఇక్కడే.

రోజూ వాడేదానికి 925 ముద్ర (అంటే 92.5 శాతం వెండి) ఉన్న చిన్న మర పుడక మేలు, తువ్వాలు పోగులకి చిక్కుకోదు. పట్టుచీర మీదికి పెద్ద నత్తు అయితే గొలుసు ఉన్నది తీసుకుని జడలోకి పిన్ను పెట్టండి, బరువు జుట్టు మోస్తుంది. జర్మన్ సిల్వర్‌లో మాత్రం వెండే ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహమది, నికెల్ పడనివాళ్లకి దురద.

కొత్తగా కుట్టించుకున్న ముక్కుకి ఈ కొలత పనికిరాదు. వాపు ఉంటుంది, పచ్చి పుండుకి వెండి మంచిది కాదు. పూర్తిగా మానాకే, అంటే నాలుగైదు నెలల తర్వాత కొలవండి.