పార్శ్వపు నొప్పి: మాత్ర ఎప్పుడు వేయాలి, నెలకెన్ని రోజులు వేయాలి

కణత దగ్గర మొదలై తలలో ఒక పక్కంతా దడదడా కొట్టుకుంటుంది. మెట్లెక్కితే ఎక్కువవుతుంది. కడుపులో తిప్పుతుంది, లైటు చూడబుద్ధి కాదు, టీవీ చప్పుడూ భరించలేరు. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఇలాంటిది కనీసం అయిదుసార్లు వచ్చి ఉంటే అది పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేనే అయ్యుంటుంది. కొందరికి రెండు పక్కలా వస్తుంది, అదీ మైగ్రేనే. దీన్ని సైనస్ అనుకుని ఏళ్ల తరబడి యాంటీబయాటిక్స్ మింగేవాళ్లు చాలామంది. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్ల వెంట నీళ్లొస్తాయి. అందుకే ఈ పొరపాటు. చిక్కటి పసుపు చీమిడి, జ్వరం ఉంటేనే సైనస్‌ను అనుమానించండి.

ఇది ఎక్కువగా కుటుంబంలో వచ్చే జబ్బు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. ముఖానికి, తలకు స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి రెచ్చిపోయి, మెదడు పొరల్లోని రక్తనాళాల దగ్గర సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. నొప్పి అక్కడే పుడుతుంది. స్కాన్‌లో ఇదేమీ కనపడదు. రిపోర్టు నార్మల్ అని వస్తే ఇంట్లోవాళ్లు దాన్ని నటన అనుకోకూడదు.

నొప్పిని రేపేవి మనిషికో రకం. మే నెలలో మధ్యాహ్నం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలబడటం, గుంటూరు మిర్చి యార్డు వైపు ఘాటు, అగరుబత్తి పొగ, సెంటు, తలస్నానం చేసి తడి జుట్టు ముడేసుకోవడం, ఉపవాసం, రోజూ తాగే కాఫీ మానేయడం, నెలసరికి ముందు ఈస్ట్రోజన్ తగ్గడం. ఒక్కోటి విడిగా ఏమీ చేయకపోవచ్చు. రాత్రి ముహూర్తం పెళ్లి చూడండి: నిద్ర లేదు, భోజనం ఆలస్యం, మైకు హోరు, వీడియో లైట్లు, పక్కనున్నవాళ్ల సెంటు. అన్నీ ఒకేసారి మీద పడతాయి కాబట్టి తెల్లారేసరికి తల పట్టుకుంటారు. అలాంటి రోజున ఎనిమిదింటికే ఇంట్లో రెండు ముద్దలు పెరుగన్నం తిని వెళ్లండి, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. తీపి తిన్నందుకే నొప్పి వచ్చిందని తొందరపడి తేల్చొద్దు. నొప్పికి కొన్ని గంటల ముందే ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి మీదకు మనసు పోవడం ఉంటాయి. తీపి తినడం అప్పటికే మొదలైన మైగ్రేన్‌కు గుర్తు కావచ్చు.

పాల లెక్క రాసే గోడ క్యాలెండరే దీనికీ చాలు. నొప్పి వచ్చిన తేదీకి సున్నా చుట్టండి, మాత్ర వేస్తే పక్కన "మా" అని రాయండి, నెలసరి తేదీ గుర్తుపెట్టండి. రెండు మూడు నెలలు ఇలా రాసి తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

ఇక మాత్ర సంగతి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "కాసేపు చూద్దాం, తగ్గుతుందేమో" అని ఆగి, వాంతులు మొదలయ్యాక వేస్తారు. మైగ్రేన్ ముదిరితే కడుపు కదలిక మందగిస్తుంది, మింగిన మందు ఒంటికి పట్టదు. నొప్పి మొదలైన అరగంట లోపే, సరిపడా మోతాదులో వేయాలి. పెద్దవాళ్లకు ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. గానీ, న్యాప్రాక్సెన్ 500 మి.గ్రా. గానీ, ఏదో ఒకటి, ఏదైనా తిన్నాకే. అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. గర్భిణులు డాక్టరును అడిగి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవాలి. జ్వరంతో పాటు తలనొప్పి వస్తే ఐబుప్రొఫెన్ జోలికి అసలు పోవద్దు, డెంగీ కావచ్చు. వికారం ఉంటే, గుండె లయ సమస్య లేనివాళ్లకు డాక్టర్లు డొంపెరిడోన్ 10 మి.గ్రా. కలిపి ఇస్తారు.

వీటికి లొంగకపోతే, మైగ్రేన్ కోసమే తయారైన ట్రిప్టాన్లు అనే మందులు: సుమట్రిప్టాన్ 50 మి.గ్రా. లేదా రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. కొందరికి నొప్పికి ముందు కళ్ల ముందు మెరిసే వంకర గీతలు కనిపిస్తాయి. ట్రిప్టాన్ అప్పుడు కాదు, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వాడకూడదు. ఎర్గోటమిన్ (మైగ్రేన్‌కు వాడే పాత మందు) ఉన్న మాత్ర వేసుకున్న 24 గంటల్లోపు ట్రిప్టాన్ వద్దు. రిజాట్రిప్టాన్‌ను, మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రనొలాల్‌తో కలిపి వాడేవాళ్లకు 5 మి.గ్రా. చాలు. శొంఠి గంధం, బామ్ హాయినిస్తాయే గానీ మందుకు బదులు కావు.

క్యాలెండర్‌లో "మా"లు లెక్కపెట్టండి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కెఫీన్ (కాఫీలో ఉండే మందు) కలిసిన నొప్పి మాత్రలు 10 రోజులు దాటి మూడు నెలలకు పైగా సాగితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెస్తాయి. మెడికల్ షాపులో అడిగి అడిగి తెచ్చుకునేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వారానికి రెండు రోజులకు మించనివ్వకండి.

క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, తలకు దెబ్బ తర్వాత నొప్పి, కాన్పయ్యాక కొత్తగా తీవ్రమైన నొప్పి: ఇవి మైగ్రేన్ అని ఇంట్లో కూర్చోవద్దు, 108కు ఫోన్ చేయండి. 50 ఏళ్లు దాటాక మొదటిసారి వచ్చిన తలనొప్పినీ ఆలస్యం చేయకుండా చూపించాలి. కళ్ల ముందు గీతలతో మైగ్రేన్ వచ్చే ఆడవాళ్లకు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో పక్షవాతం ముప్పు పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

నెలకు నాలుగు రోజులకు మించి పడేస్తుంటే రాకుండా ఆపే మందు అడగండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో న్యూరాలజీ విభాగం ఉంది. ఇలా ఆపే మందుల్లో ప్రొప్రనొలాల్‌ను ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వరు. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మి.గ్రా.తో మొదలుపెడతారు, నిద్రమత్తు, నోరెండటం ఉంటాయి. టోపిరమేట్‌తో వేళ్లు చిమచిమలాడతాయి, కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం ఉంది కాబట్టి నీళ్లు బాగా తాగాలి, గర్భం కోసం చూస్తున్నవాళ్లు వాడకూడదు. ఫ్లునరిజిన్‌తో బరువు పెరుగుతుంది, దిగులు కమ్ముతుంది. ఏ మందైనా సరైన మోతాదులో ఎనిమిది వారాలు వాడాకే పనిచేసిందో లేదో తేలుతుంది. వారం వాడి "ఏం తేడా లేదు" అని మానేస్తే లాభం లేదు. తగ్గాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ప్రొప్రనొలాల్‌ను ఒక్కసారిగా ఆపితే గుండె దడ, బీపీ పెరగడం ఉంటాయి, సొంతంగా ఆపొద్దు.