పాత చీరలతో బడిపిల్లలకు పాఠం: ముందుగా చూసుకోవలసినవి

నెల్లూరులో బడిపిల్లలకు మ్యూజియం తరహా వస్త్ర పాఠం ఏర్పాటు చేసేవారు మొదట భద్రపరచవలసిన బట్టలను, పిల్లలు తాకడానికీ కట్టుకోవడానికీ ఇచ్చే బట్టలను వేరువేరుగా పెట్టుకోవాలి. అమ్మమ్మల నాటి వెంకటగిరి జరీ చీరను ఎవరెంత ముచ్చటపడినా కట్టనివ్వకూడదు. ఆ పనికి నెల్లూరు దగ్గరి నేత ఊరు పాటూరులో మగ్గం మీద నేసిన కొత్త చీర, ఒక పంచె, ఒక కండువా చాలు.

పాత చీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే ఆ గీత వెంబడే పోగులు చిట్లుతాయి కనుక, విప్పే ముందు బల్లపై ఉతికి ఆరవేసిన తెల్ల నూలుగుడ్డ పరచి, ఇద్దరు కలిసి రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించాలి. గాజులు, ఉంగరాలు తీసివేయాలి. జరీ పోగు ఒకసారి తగులుకుని లేచిందంటే మళ్లీ సర్దుకోదు. చెమట చేతులు తగిలితే వెండి జరీ నల్లబడుతుంది. వెలుతురు 50 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) దగ్గర, అంటే మసకగా ఉంచాలి, ఫోను ఫ్లాష్ వాడవద్దని ఉపాధ్యాయులకు కూడా చెప్పాలి (నిజానికి మాట వినిపించుకోనిది వారే).

కట్టుకునే ఆటలో పిన్నీసులకు బదులు నాడాలు కుట్టించి, యూనిఫాం మీదే కట్టించాలి. జాలరి, నేతగాడు, రైతు వేషాలను పంచేటప్పుడు ఇంటి వృత్తిని బట్టి ఏ బిడ్డకూ వేషం కేటాయించకూడదు. నవ్వులాటగా మొదలైనా అది మనసులో గుచ్చుకుంటుంది. తలపాగాలు చేతులు మారితే పేలు కూడా మారతాయి కాబట్టి ఎవరి పాగా వారికే ఉండాలి.