రెండు గ్లాసుల్లో సముద్రపు లోతు ప్రవాహాలు

‘చన్నీళ్లు కిందికి, వేణ్నీళ్లు పైకి’ అని మా బడిలో పిల్లలు గడగడా అప్పజెబుతారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి అది సగం పాఠమే. మిగతా సగం ఉప్పుది. అందుకే సైన్సు టీచరుగా బోర్డు మీద ఎర్ర బాణాలు, నీలి బాణాలు గీయడం మానేసి ఈ ప్రయోగం చేయిస్తున్నాను.

ముందు రోజు రాత్రి నీళ్లలో నాలుగు చుక్కలు బట్టల నీలిమందు కలిపి, ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. తెల్లారి ఒక ముక్కను వెలుతురుకు పెట్టి చూడండి. అంచులు తేటగా ఉంటాయి, నీలం చాలావరకు నడిమధ్యకు చేరి ఉంటుంది. గడ్డకట్టే నీరు రంగును నెట్టేస్తుంది. ఉప్పునూ అంతే. అంటార్కిటికా పక్కన వెడెల్ సముద్రంలో మంచు కట్టేటప్పుడు అలా వదిలేసిన ఉప్పుతో, అసలే చల్లగా ఉన్న నీరు ఇంకా బరువెక్కి అడుగుకు దిగుతుంది. మన బంగాళాఖాతం అడుగున ఉన్న చల్లటి నీరు ఆ దక్షిణం వైపు నుంచి వచ్చిందే.

ఇక రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపిన నీళ్లు. సముద్రంలో సగటున ఉండేది అంతే. ప్యాకెట్ ఉప్పుతో నీళ్లు మసకబారితే తేటపడేదాకా ఆగండి. రెండింటిలోనూ ఒక్కో నీలి ముక్క వదలండి. కలపొద్దు, బల్ల కదపొద్దు.

మంచినీళ్లలో నీలం దారాల్లా జారుతూ అడుగుకు చేరుతుంది. ఉప్పునీళ్లలో, కరిగిన నీరు ఎంత చల్లనిదైనా పైనే పొరకడుతుంది. ముక్క కూడా ఆలస్యంగా కరుగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు కరుగుతోందంటే శాస్త్రవేత్తలకు టెన్షన్ ఎందుకో ఈ గ్లాసు చెబుతుంది: ఉత్తర అట్లాంటిక్‌లో చల్లబడి మునగాల్సిన ఉప్పునీటి మీద మంచినీరు పరుచుకుంటే ఆ మునక మందగిస్తుంది. బంగాళాఖాతం మీద గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వరదనీరు చేసేదీ ఇలాంటి పనే. చలికాలంలో ఉత్తరాన పైపొర చల్లబడినా దిగదు, కొన్నిచోట్ల దాని కింది నీరే వెచ్చగా ఉంటుంది.

చివర్లో పందెం పెట్టండి: వేడి ఉప్పునీరా, చల్లటి మంచినీరా, ఏది కిందికి? వేడి ఉప్పునీటికి ఎర్ర మిఠాయి రంగు కలిపి, చల్లటి మంచినీళ్ల గ్లాసు అంచు వెంబడి చెంచాతో మెల్లగా జారవిడవండి. ఎరుపే అడుగుకు పోతుంది. జిబ్రాల్టర్ జలసంధి దాటి అట్లాంటిక్‌లోకి వచ్చిన మధ్యధరా సముద్రపు నీరు కూడా ఉప్పదనం వల్లే సుమారు 1000 మీటర్ల లోతుకు దిగుతుంది, అక్కడి అట్లాంటిక్ నీటికంటే వెచ్చనిదైనా సరే. తర్వాత ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మళ్లీ పోయండి. ఒక దశలో ఎరుపు పైనే నిలబడిపోతుంది. అది ఎన్ని గ్రాముల దగ్గరో పిల్లలనే తూచి రాసుకోమనండి.