పిల్లల బొమ్మల కథ రాసేవాళ్లకు చిన్న చిట్కా

బొమ్మల కథ రాస్తుంటే ఒక పేజీ నిండా మాటలే ఉంటాయి, ఇంకో పేజీలో గీయడానికి ఏమీ మిగలదు. అందుకే ముందు ఓ నమూనా పుస్తకం చేసుకోండి: 8 ఏ4 కాగితాలు కలిపి మధ్యకు మడవండి, 32 పేజీలవుతాయి. చిన్న స్టాప్లర్ మడత దాకా అందదు, సూదీదారంతో కుట్టేయండి. మొదటి 4 పేజీలు పేరుకూ వివరాలకూ వదిలేసి, పేజీకి రెండు మూడు వాక్యాలు పెన్సిల్‌తో రాయండి.

టెన్షన్ కుడి పేజీ చివర పెట్టాలి. నా కథలో భద్రకాళి చెరువు గట్టున మేకపిల్ల తప్పిపోతుంది. "మే..." అన్న అరుపు కుడి పేజీలో, అది ఇరుక్కున్న తుమ్మపొద పేజీ తిప్పాక. హన్మకొండలో మా గల్లీ పిల్లలకు చదువుతుంటే వాళ్లే చెయ్యి పెట్టి పేజీ తిప్పేశారు! పిల్లలు దిక్కులు చూసిన చోట మాటలు కొట్టేయండి.

పదేళ్లు దాటిన పిల్లల పెద్ద కథలకు ఇది పనికిరాదు. పబ్లిషర్ 16 పేజీలే అంటే 4 కాగితాలతోనే మొదలుపెట్టండి.