రోహిణి కార్తెకు ముందే: ఇంట్లో ఉప్పునీటి చేపల ట్యాంకు కట్టేవాళ్లకు జాగ్రత్తలు

అనంతపురంలో ఉప్పునీటి ట్యాంకు పెడతానంటే ఎవరైనా ముందు నవ్వుతారు, సముద్రమెక్కడ మనమెక్కడ అని. సముద్రం దూరం కావడం పెద్ద ఇబ్బందేమీ కాదు. ఉప్పు ప్యాకెట్లో వస్తుంది, చేపలు బెంగళూరు నుంచో, కడప వైపు వాళ్లకైతే చెన్నై కొళత్తూరు నుంచో వస్తాయి. ఇబ్బందంతా మన ఎండతోనే. మే నెలలో బయట 42 డిగ్రీలు, మిద్దె అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ మధ్యలో కరెంటు పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో 27 డిగ్రీలు దాటకూడని నీళ్లను ఇంట్లో పెట్టుకుని కాపలా కాయడమంటే మాటలు కాదు, చిల్లర్ (నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనే డబ్బు లేనప్పుడు అసలే కాదు.

అందుకని నా సలహా ఇది. ట్యాంకు ఇప్పుడే కట్టండి, నీళ్లు నింపండి, రాళ్లు పేర్చండి, ఎండాకాలమంతా ఖాళీగా నడపండి. చేపలు మాత్రం మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాకే. మృగశిర నాడు ఊరంతా చేపలు వండుకుంటుంటే మీరు పెంచుకోవడానికి తెచ్చుకుంటారు, ఇంట్లోవాళ్లు ఏమన్నా నవ్వి ఊరుకోండి.

ముందు సైజు. డబ్బు తక్కువని అడుగు ట్యాంకుతో మొదలుపెట్టకండి, నీళ్లు ఎంత తక్కువైతే అంత త్వరగా వేడెక్కుతాయి, అంత త్వరగా చెడతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే సుమారు 85 లీటర్లు పడుతుంది, అంతకంటే తగ్గొద్దు. అద్దం మందం చూసేటప్పుడు పొడవు కంటే ముఖ్యంగా ఎత్తు చూడాలి. ఈ ఎత్తుకు 6 మిల్లీమీటర్లతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు కానీ 8 తీసుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. అతికించడానికి వెనిగర్ వాసన వచ్చే మామూలు సిలికోన్ వాడండి. బాత్రూమ్‌లకని అమ్మేదాంట్లో ఫంగస్ పట్టకుండా మందు కలిపి ఉంటుంది, అది చేపలకు విషం. అతికించాక వారం రోజులు ఆరనిచ్చి, వరండాలో పెట్టి మామూలు నీళ్లు అంచుదాకా నింపి రెండు రోజులు చూడండి. కింద పేపర్ పరిస్తే చిన్న చెమ్మ ఉన్నా తెలిసిపోతుంది.

నీళ్లు, రాళ్లు, అద్దం కలిపితే బరువు 115 కిలోల పైమాటే. పాత టీవీ స్టాండు మీద పెట్టొద్దు. వెల్డింగ్ షాపులో యాంగిల్స్‌తో స్టాండు చేయించి, పైన కడప బండ వేసి, దాని మీద థర్మోకోల్ షీటు పరిచి ట్యాంకు పెట్టండి. ఇనుముకు రెండు కోట్లు రెడాక్సైడ్ తప్పదు, ఉప్పునీళ్ల తుంపర పడితే ఏడాదిలో తుప్పు లేస్తుంది. పై అంతస్తు గది, పడమటి గోడ, రేకుల షెడ్డు, ఈ మూడూ వద్దు. కింద అంతస్తులో ఉత్తరం వైపు గది ఉంటే అదే మంచిది.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, ఉప్పదనం, ఫ్లోరైడ్ రెండూ ఉంటాయి. వాటిలో ఉప్పు కలిపితే ఏమేం ఎంతెంత ఉందో లెక్క తెలియని నీళ్లు తయారవుతాయి. వాటర్ ప్లాంట్ నుంచి ఆర్వో క్యాన్లు తెప్పించుకోండి, అయితే ప్లాంటువాడి మాట నమ్మకుండా నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, రుచి కోసమని కొందరు మామూలు నీళ్లు కలుపుతారు. ఉప్పు విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. కల్లుప్పు కూడా సముద్రం నుంచి వచ్చిందేగా అని చాలామంది అడుగుతారు. మడిలో ఉప్పు గట్టిపడేటప్పుడు మెగ్నీషియంలో ఎక్కువ భాగం, ఇంకా చాలా ఖనిజాలు మిగిలిన చేదు నీళ్లలోనే ఉండిపోతాయి, మన చేతికొచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. ట్యాంకుల కోసం అమ్మే సాల్ట్ మిక్స్ కొనండి. లీటరుకు సుమారు 35 గ్రాములు పడుతుంది. ట్యాంకులో పొడి వేసేయకుండా, సబ్బు తగలని బకెట్లో ముందురోజే కలిపి, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి, సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో చూసి పోయండి. కొలవడానికి ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు కంటే ఒక చుక్క నీళ్లలో వెలుతురు వంగే తీరును బట్టి ఉప్పు చూపించే రిఫ్రాక్టోమీటరు మేలు, ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, దీని దగ్గర కాదు.

రాళ్లు సాదా పొడి రాళ్లు, సన్న రంధ్రాలున్నవి కావాలి, బ్యాక్టీరియా కాపురం పెట్టేది వాటిలోనే. కడప బండ ముక్కలు ఉచితంగా దొరుకుతాయని పేర్చకండి, నున్నటి గట్టి రాయి, లోపల చోటుండదు. లైవ్ రాక్ (జీవులు పట్టి ఉన్న సముద్రపు రాయి), పగడాలు, నీటిగుర్రాలు ఎవరైనా తెచ్చిస్తామంటే వద్దనండి. పగడాలు, నీటిగుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షిత జీవులు, సముద్రంలోంచి తీసినవి ఇంట్లో ఉంటే కేసు అవుతుంది.

రాళ్లు పెట్టాక చిటికెడు చేపల మేతో, ఒక పచ్చి రొయ్యో వేసి వదిలేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఎండాకాలం సరిగ్గా ఈ పనికి సరిపోతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేపను తెచ్చే ఆలోచనే వద్దు.

ఇప్పుడు వేడి. ఇక్కడ మనకు ఒక మేలుంది, గాలి పొడిగా ఉంటుంది. పాత కంప్యూటర్‌లోంచి తీసిన 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి అడాప్టర్‌తో పెట్టి, నీటి మీదుగా ఏటవాలుగా గాలి కొట్టేలా బిగిస్తే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. నెల్లూరులో, చెన్నైలో ఇదే ఫ్యాన్ ఇంత పని చెయ్యదు, అక్కడ గాలిలో తేమెక్కువ. పైన అద్దం మూత తీసి దోమతెర లాంటి జాలీ వెయ్యండి. మరీ మండే రోజు మూత బిగించిన సీసాలో నీళ్లు గడ్డకట్టించి తేలేయండి, ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. గంటకు ఒక డిగ్రీ కంటే ఎక్కువ తగ్గకుండా చూసుకోండి.

అయితే ఫ్యాన్ తిరిగేకొద్దీ నీళ్లు ఆవిరవుతాయి, రోజుకు లీటరు పైనే పోవచ్చు. పోయేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. ఉదాహరణకు 50 లీటర్లలో 5 లీటర్లు తగ్గితే లీటరుకు 35 గ్రాములు ఉండాల్సిన ఉప్పు 39 అవుతుంది. అద్దం మీద టేపుతో గీత పెట్టి, ప్రతిరోజూ ఆ గీత దాకా ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి. కొత్తవాళ్లు ఇక్కడ ఉప్పునీళ్లు పోసేస్తుంటారు, నాలుగు రోజుల్లో ట్యాంకు ఊరగాయ జాడీ అవుతుంది.

కరెంటు పోయినప్పుడు చల్లదనంతో పాటు గాలి కూడా ఆగిపోతుంది. 25 డిగ్రీల సముద్రపు నీళ్లు లీటరుకు దాదాపు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీలకు అది 6.2కి పడిపోతుంది, అదే సమయంలో చేపకు కావాల్సింది పెరుగుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపు దానికి కలపండి, ఐదు వాట్లకు మించి తినదు. లేకపోతే బ్యాటరీ పంపు ఒకటి ఉంచుకోండి. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా పైపులో వన్‌వే వాల్వు వేయండి. కింద పెడితే కరెంటు పోగానే నీళ్లు ఆ సన్న పైపులోంచి వెనక్కి లాక్కుని, పంపులోంచి నేల మీదికి కారుతూనే ఉంటాయి.

వైర్ల దగ్గర నిర్లక్ష్యం వద్దు, ఉప్పునీళ్లు మామూలు నీళ్ల కంటే కరెంటును బాగా పాకిస్తాయి. వైరు వెంట తుంపర ఆరి తెల్లటి పొక్కులా పేరుకుంటుంది, వేలితో గీకితే రాలుతుంది, పట్టించుకోకపోతే అదే మెల్లగా ప్లగ్గు దాకా పాకుతుంది. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వంపు తిప్పండి, కారిన చుక్క అక్కడే రాలిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు స్టాండు కింద కాకుండా పక్క గోడకు పైన బిగించండి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు వేయించండి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్చులన్నీ ఆపాల్సిందే.

ట్యాంకున్న గదిలో దోమల చక్రాలు, స్ప్రేలు వద్దు, ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి కొడుతుంది.

జూన్‌లో చేపలు తెచ్చేటప్పుడు రాత్రి బస్సో రైలో చూసుకుని, సంచులు థర్మోకోల్ పెట్టెలో సర్దుకుని రండి. మొదట ఒక జత క్లౌన్ ఫిష్ చాలు, హేచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి. డ్యామ్సెల్ అనే చేప చవక, మొండిది కూడా, కానీ తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరిమి కొరుకుతుంది. సంచి మూత విప్పకుండా పావుగంట తేలనిచ్చి, తర్వాత ట్యాంకు నీళ్లు సన్న పైపుతో చుక్కచుక్కగా గంటసేపు కలిపి, చేపను వలతో తీసి వదలండి, సంచిలో నీళ్లు మాత్రం సింకులో పారబోయండి.