లాన్ కాంట్రాక్టు పని నడపడం ఎలా? ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి వైపు వాళ్లకు

గడ్డి కోయడం వారంలో వచ్చేస్తుంది. అయినా ఈ పనిలో దిగినవాళ్లు చాలామంది ఏడాది తిరక్కుండానే మానేస్తారు. జూలైలో గడ్డి మన కాళ్ల కన్నా వేగంగా పెరుగుతుంది, జనవరిలో అసలు పెరగదు. రేటు కట్టేటప్పుడు ఈ రెండు నెలలనీ ఒకే కళ్లతో చూస్తే వచ్చిన డబ్బు పెట్రోల్‌కే సరిపోతుంది. అందుకే ఇందులో సగం కోత గురించి, సగం లెక్క గురించి.

1. ముందు టేపు తీయండి

యజమాని చెప్పిన సైజు నమ్మకండి. ఆయన చెప్పేది స్థలం కొలత, మీరు కోసేది గడ్డి ఉన్నంత మేరే. దారులు, పూలమడులు, కారు నిలిపే చోటు తీసేసి చదరపు అడుగుల్లో రాసుకోండి.

సరిహద్దు జిల్లాల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒడిశా లెక్కలో ఎకరానికి 25 గుంటలు, అంటే గుంట 1,742 చదరపు అడుగులు. తెలంగాణ లెక్కలో ఎకరానికి 40 గుంటలు, గుంట 1,089 అడుగులే. హైదరాబాద్‌లో పనిచేసి వచ్చిన మేస్త్రీ, ఇక్కడి యజమాని ఇద్దరూ "రెండు గుంటలు" అనే అంటారు, కానీ రెండు వేరే వేరే లాన్‌లు. డెసిమిల్, సెంటు మాత్రం ఒకటే, 435.6 అడుగులు.

కొలిచేటప్పుడే మూడు విషయాలు చూడండి. మొదటిది గడ్డి రకం. గరిక జాతులు, సెలక్షన్-1 వేగంగా పెరుగుతాయి, మెక్సికన్ మధ్యస్తం, కొరియన్ చాలా నెమ్మది. రెండోది నీడ. మామిడి కింద గరిక జాతి నిలవదు, దానికి రోజుకు ఆరు గంటల ఎండైనా కావాలి. ఆ మాట మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ బోసి మచ్చ మీ తప్పవుతుంది. మూడోది నీళ్లు. గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉండొచ్చు. ఆకు కొనలు మాడి, నేల మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఎరువుతో పోయే జబ్బు కాదు.

2. రేటు నెలకు కాదు, కోతకు కట్టండి

ముందు ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్లాలో లెక్కేయండి. నీళ్లు పెట్టే మామూలు గరిక లాన్‌కు జూన్‌లో 3, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వారానికి ఒకటి చొప్పున 13, అక్టోబర్‌లో 3, నవంబర్‌లో 2, డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి నెలకొకటి, మార్చి, ఏప్రిల్, మే నెలల్లో రెండేసి. మొత్తం 30.

ఇప్పుడు ఒక్క కోతకు ఎంతవుతుందో చూడండి. ఉదాహరణకు 2,000 చదరపు అడుగుల లాన్‌కు కూలి 350, పెట్రోల్ 110, రానుపోను 60, కట్టర్‌కు నైలాన్ తాడు, బ్లేడు, ఆయిల్ 30, మెషిన్ అరుగుదల 50 అనుకుందాం. మొత్తం 600. మీ మిగులు 100 కలిపితే కోతకు 700. ఏడాదికి 30 కోతలు, 21,000 రూపాయలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 1,750. ఈ అంకెలు మీ ఊరి కూలిని బట్టి మారతాయి, లెక్క కట్టే తీరు మాత్రం మారదు. చాలామంది మెషిన్ అరుగుదల వదిలేసి, మెషిన్ పాడైన రోజు అప్పు చేస్తారు.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. గడ్డి మోకాలెత్తు పెరిగాకే యజమానికి మీరు గుర్తొస్తారు, అంటే జూలైలో. నెలకు 1,750కి ఒప్పుకుంటారు. జూలై నుంచి అక్టోబర్ దాకా మీరు 16 కోతలు కోస్తారు, వాటి విలువ 11,200. మీ చేతికి వచ్చింది నాలుగు నెలల 7,000. నవంబర్‌లో ఆయన "ఇక గడ్డి పెరగడం లేదు కదా, ఆపేద్దాం" అంటాడు. 4,200 మీ జేబులోంచి పోయినట్టే.

దీనికి ఒక్క వాక్యం చాలు: "ఏడాది మధ్యలో ఆపితే అప్పటిదాకా అయిన కోతలకు ఒక్కోదానికి 700 చొప్పున లెక్క తేల్చాలి." ఇది కాగితం మీద ఉండాలి. అందుకు ఒప్పుకోనివాళ్ల దగ్గర కోతకు కోత డబ్బు తీసుకోండి.

3. మెషిన్‌ను పొద్దున పదిహేను నిమిషాలు చూడండి

ఇంటి లాన్‌లకు తోసుకుంటూ కోసే 160 సీసీ పెట్రోల్ మోవర్ ఒకటి, అంచులకు, గోడ పక్కకు తిరిగే నైలాన్ తాడుతో కోసే బ్రష్ కట్టర్ ఒకటి ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

మోవర్‌ను చదునైన నేల మీద పెట్టి ఆయిల్ చూడండి, వాలులో పెడితే ఆయిల్ కొలిచే పుల్ల అబద్ధం చెబుతుంది. ఈ సైజు ఇంజిన్‌లో పట్టేది ముప్పావు లీటరు లోపే, కాబట్టి కొంచెం తగ్గినా తేడా పెద్దదే. మామూలుగా 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ వాడతారు. కొత్త మెషిన్‌కు మొదటి మార్పు త్వరగా చేయాలి, ఆ గంటలు మెషిన్ పుస్తకంలో ఉంటాయి. తర్వాత ఈ దుమ్ములో, వేడిలో 50 గంటలకోసారి మార్చడం మంచిది.

టూ-స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో పెట్రోల్‌తో పాటే ఆయిల్ కలుపుతారు. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. కళ్లతో చూసి పోయకండి, మందుల షాపులో దొరికే కొలత కప్పు వాడండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ వచ్చి ప్లగ్ నల్లబడుతుంది. ఫోర్-స్ట్రోక్ కట్టర్‌లో కలపనే కూడదు. రెండు రకాలూ ఉన్నచోట కుర్రాళ్లు డబ్బాలు తారుమారు చేస్తారు, అందుకని కలిపిన పెట్రోల్ డబ్బాకు ఎర్ర రంగు పూసేయండి.

బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను లాగుతుంది. వానాకాలంలో రెండు మూడు వారాలు ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్ జిగురుపట్టి, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. మెకానిక్ దగ్గరికి వచ్చే మెషిన్‌లలో చాలావాటి జబ్బు ఇదే. వారం పైగా పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి.

బ్లేడు మొద్దుబారిందో లేదో గడ్డే చెబుతుంది. కోసిన మర్నాడు ఆకు కొనలు చీలికలై తెల్లగా కనిపిస్తే పదును పోయినట్టు. 20, 25 గంటల పనికోసారి ఆకురాయితో పదును పెట్టి, బ్లేడును మధ్య రంధ్రంలో మేకుకు తగిలించి చూడండి. ఒక వైపు వంగితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు ఇంజిన్‌ను వణికించి, చివరికి దాని ఇరుసును (క్రాంక్) తినేస్తుంది. మోవర్ కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్ వైరు పీకేయాలి, ఎంత తొందరున్నా సరే. పక్కకు వాల్చాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి రావాలి. లేకపోతే ఇంజిన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది.

4. వాన చూసి రోజు సర్దుకోండి

జూలై నుంచి సెప్టెంబర్ దాకా వారంలో ఆరు రోజులూ పని ఒప్పుకోకండి. ఒక రోజు ఖాళీగా ఉంచండి. అది సెలవు కాదు, వానకు పోయిన రోజును తిరిగి పట్టుకునే రోజు.

తడి గడ్డిని కోస్తే ముద్దలు ముద్దలుగా రాలుతుంది, చక్రాల గాడి పడుతుంది, తెగులు ఒక లాన్ నుంచి ఇంకో లాన్‌కు బ్లేడు మీద ఎక్కి పోతుంది. చెప్పుతో గట్టిగా నొక్కండి. నీళ్లు పైకి ఊరితే మోవర్ దించవద్దు. వాన లేని రోజైనా మంచు ఆరేసరికి ఎనిమిదిన్నర అవుతుంది.

వాన వెలిసిన పూట ఎటు వెళ్లాలి? గోపాల్‌పూర్, ఛత్రపూర్ వైపు ఇసుక నేల, రెండు గంటల్లో నీరు దిగిపోతుంది. పర్లాకిమిడి, రాయగడ వైపు ఎర్రమట్టిలో, బరంపురం పల్లపు వీధుల్లో రోజంతా తడే. కాబట్టి ముందు ఇసుక లాన్‌లు, మట్టివి మర్నాటికి. ఈ ఒక్క వరస పాటిస్తే నెలలో రెండు మూడు రోజులు కలిసొస్తాయి.

5. కోత

ఒక్కసారికి మూడో వంతుకు మించి తీయకూడదు. ఒకటిన్నర అంగుళం ఎత్తు ఉంచాలంటే రెండుంబావు దాటకముందే కోయాలి. గరిక జాతులను అంగుళం నుంచి ఒకటిన్నర దాకా ఉంచవచ్చు, నీడ పడే చోట అర అంగుళం ఎక్కువ.

వానకు రెండు వారాలు తప్పిపోయి గడ్డి ఆరంగుళాలు లేచిందా? ఒకేసారి దించకండి. కింద ఉన్నది పచ్చని ఆకు కాదు, ఎండ చూడని పసుపు కాడ. మొత్తం కోస్తే సాయంత్రానికి లాన్ గడ్డివాము రంగుకొస్తుంది, యజమాని "ఏం మందు కొట్టారు?" అని ఫోన్ చేస్తాడు. మొదటి రోజు నాలుగంగుళాలకు, మూడు నాలుగు రోజులు ఆగి ఇంకో మెట్టు కిందికి. రెండో రాకకు అదనం అడగాలా? వాన వల్ల అయితే అడగవద్దు, ఆయన గేటు తీయకపోవడం వల్ల అయితే అడగండి.

బ్రష్ కట్టర్ ముట్టించే ముందు ఒకడు తట్ట పట్టుకుని రాళ్లు, మేకులు, సీసా పెంకులు ఏరాలి. 2.4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు విసిరిన గులకరాయి కారు అద్దం పగలగొట్టడానికి చాలు. నెల సంపాదన ఒక్క అద్దానికే పోవచ్చు. పదిహేను మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు, గార్డు తీసేసి నడపకూడదు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. వానాకాలంలో గమ్ బూట్లు తప్పనిసరి. ఎత్తు గడ్డిలో పాములుంటాయి. కాటు పడితే కట్టు బిగించకండి, కోయకండి, కాలు కదలనివ్వకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

6. తుంగ, యూరియా

తుంగను పైకి లాగితే ఆకే వస్తుంది, గడ్డ లోపలే ఉండి నాలుగు మొలకలు వేస్తుంది. వాన పడ్డ మర్నాడు బొరిగెతో గడ్డతో సహా తవ్వాలి. ఎక్కువగా ఉంటే చెరకు, మొక్కజొన్న చేలలో తుంగకు వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ గరిక జాతులను ఏమీ చేయదు. మోతాదు ఎకరానికి 36 గ్రాములు. అంటే వెయ్యి చదరపు అడుగులకు గ్రాము కూడా కాదు, 0.83. చెంచాతో కొలిచేది కాదది, బంగారం కొట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. చచ్చేందుకు రెండు మూడు వారాలు పడుతుందని యజమానికి ముందే చెప్పండి. గ్లైఫోసేట్ మాత్రం లాన్ మీదికి తేకండి, అది తుంగనూ గడ్డినీ వేరు చేసి చూడదు.

యూరియా వెయ్యి చదరపు అడుగులకు అర కిలో, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి వెంటనే నీళ్లు పెట్టాలి. తడి ఆకు మీద చల్లితే గింజ పడ్డచోటల్లా మాడుతుంది. కుండపోత రోజుల్లో చల్లితే కాలువ పాలే. పచ్చదనం కోసం ఫెర్రస్ సల్ఫేట్ కొడితే టైల్స్ మీద ఒక్క చుక్క పడనివ్వకండి, తుప్పు మరక పోదు.

7. కల్యాణ మండపాలు

డబ్బు బాగుంటుంది, తిట్లూ బాగానే ఉంటాయి. ముహూర్తానికి రెండు రోజుల ముందు కోసేసి, నీళ్లు ఆపేయాలి. తడి నేల మీద కుర్చీ కాళ్లు దిగబడతాయి. షామియానా, తివాచీ రెండు రోజులుంటే కింద గడ్డి పసుపెక్కుతుంది, తిరిగి పచ్చబడటానికి పది రోజులైనా పడుతుంది. వంటవాళ్లు బొగ్గులు, ఉప్పు నీళ్లు, నూనె పారబోసిన చోట మాత్రం గడ్డి చచ్చినట్టే. ఆ మచ్చలకు కొత్త గడ్డి వేయడం మీ కాంట్రాక్టులో లేదని ముందే రాయించుకోండి. పెళ్లయిన మర్నాడు అయస్కాంతం కట్టిన కర్రతో లాన్ అంతా ఈడ్చండి, షామియానా మేకులు దోసెడు వస్తాయి.

8. మనుషులు

గంజాం కుర్రాళ్లు చేయి తిరిగాక సూరత్ మగ్గాలకు వెళ్లిపోతారు. తప్పు పట్టలేం, అక్కడ ఏడాదంతా పని ఉంటుంది. అందుకే మెషిన్ పట్టేవాడు ఒక్కడే ఉండకూడదు, రెండోవాణ్ని ఎప్పుడూ తయారు చేస్తుండాలి.

జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజో పండుగ వస్తుంది. భూదేవి బయటచేరిన రోజులుగా భావిస్తారు కాబట్టి ఆ మూడు రోజులూ, నాలుగో రోజు వసుమతి స్నానం అయ్యేదాకా నేల తవ్వరు. కోత సంగతి ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది, అడగండి. కొత్త లాన్ వేయడం, తుంగ తవ్వడం మాత్రం ఆ వారంలో పెట్టకండి. కడియం నర్సరీల నుంచి గడ్డి పలకలు తెప్పించేటప్పుడూ ఇది గుర్తుండాలి. లారీలో పేర్చిన పలకలు వేడెక్కి ఒక్క రోజులో పసుపెక్కుతాయి, దిగిన పూటే పరవాలి.

9. అక్టోబర్

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు దాటింది. ఈ నెలలో వచ్చేది వాన కోతల చివరి డబ్బు, దాన్ని ఖర్చు పెట్టేయకండి. హెచ్చరిక వస్తే మెషిన్‌లను ఎత్తు మీదికి చేర్చి, పెట్రోల్ విడిగా పెట్టండి. తుఫాను తర్వాత తీరం దగ్గరి లాన్‌లకు మొదట చేయాల్సింది కోత కాదు, ఒకటి రెండు రోజుల్లోపు మంచినీళ్లతో ఉప్పు కడగడం. కొమ్మలు తీయడం వేరే పని, వేరే బిల్లు. కరెంటు తీగ తగులుతున్న కొమ్మ జోలికి వెళ్లవద్దు.

10. కాగితాలు

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. హోటళ్లు, కాలేజీల బిల్లు పెద్దదైతే 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. పాన్ మీద పట్టుకున్నది, మీకు పన్ను పడకపోతే, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది.

ప్రతి కోతకూ ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీసి ఆ రోజే వాట్సాప్‌లో పంపండి. నెలాఖరున "ఈ నెల రెండుసార్లే వచ్చారు" అన్న మాట రాదు. ఇక రాక గురించి మెసేజ్ పెట్టేటప్పుడు తేదీ వేయండి. ఒడియాలో "కాలి" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. "కాలి వస్తాం" అని మీరు రాస్తే, గేటుకు తాళం వేసి ఆయన ఊరెళ్లిపోవచ్చు.