పునాదికి ముగ్గు పోసే ముందు అప్పు లెక్క చూసుకోండి

సంక్రాంతికి హైదరాబాద్, చెన్నై నుంచి పిల్లలు ఊరికొస్తారు. మాఘమాసంలో ముహూర్తం పెట్టి పునాదికి ముగ్గు పోస్తారు. వానలు పడేలోపు స్లాబ్ పడాలని తొందర. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ తొందరే చాలామందిని అప్పుల్లోకి దించుతోంది.

చీపురుపల్లి దగ్గర మా చిన్నాన్నగారికి హోమ్ లోను మంజూరైంది. డబ్బంతా ఒకేసారి చేతికొస్తుందనుకున్నారు. పునాది, లింటెల్, స్లాబ్.. ఒక్కో దశ అయ్యాక ఇంజినీరు వచ్చి చూస్తేనే తర్వాతి విడత. అంతవరకు మేస్త్రి ఆగడు, సిమెంటు కొట్టు ఆగదు. ప్రోనోటు రాసి నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చారు. నెలకి 6 వేలు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంది. ఇల్లు ప్లాస్టరింగ్ కాలేదు. పైకి వదిలిన చువ్వలు తుప్పు పట్టాయి. పిన్ని వాటి మధ్యే తాడు కట్టి బట్టలు ఆరేస్తోంది.

కాబట్టి ఒక దశకు సరిపడా సొంత డబ్బు దగ్గర లేనిదే ముగ్గు పోయకండి. లేకపోతే ఒక ఏడాది ఆగండి. ఎవరేమనుకుంటారో అని మాత్రం మొదలుపెట్టొద్దు.

తాతల నాటి గ్రామకంఠం (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న నివాస భూమి) స్థలమైతే కాగితాల పని ముందే చూసుకోండి. అన్నదమ్ముల పంపకాలు రిజిస్టర్ చేయించుకోండి. కాగితాలు సరిగా లేక బ్యాంకు కాదంటే ఎక్కువ వడ్డీ తీసుకునే ఫైనాన్స్ కంపెనీయే దిక్కవుతుంది.

ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో పెరిగే తగ్గే వడ్డీ, మీ లోనుకి ఎలా మారుతుందో సంతకానికి ముందే అడగండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. అలా పెరిగితే మన లోను వడ్డీ కూడా పెరుగుతుంది. 20 ఏళ్లకు తీసుకున్న 10 లక్షలకు వడ్డీ 7 నుంచి 9.5 అయితే ఈఎంఐ దాదాపు 1,570 రూపాయలు పెరుగుతుంది. బ్యాంకు ఈఎంఐ పెంచకుండా ఏళ్లు పొడిగించినా భారం భారమే. అయితే ఫ్లోటింగ్ లోను ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు. పంట డబ్బు రాగానే కొంత కట్టేయండి.

ఈఎంఐని మాత్రం పంటను నమ్ముకుని పెట్టుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి ఏడాది కూడా వాయిదా తేదీ వస్తుంది. నెలనెలా ఖాయంగా వచ్చే ఆదాయంలో మూడో వంతు దాటనివ్వొద్దు.

ముగ్గుకి వారం ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. చిట్టీ, బంగారం లోను, పిల్లాడి బైక్ వాయిదా, ఇంట్లో ఆడవాళ్ల డ్వాక్రా వాయిదా. ఈ చివరిది చాలామంది రాయరు. అది తప్పితే గ్రూపులో మాట పడేది ఆవిడ. ముందు అదే రాయండి.